రేడియేటర్‌లో గంజి

నా షెడ్డు ఇంకొకరికి అప్పజెప్పి మూడేళ్లయింది. అయినా రోడ్డు పక్కన ఏ బండి బానెట్ ఎత్తి కనిపించినా నా కాళ్లు అక్కడే ఆగిపోతాయి. ఇంజిన్‌ను తర్వాత చూస్తాను. ముందు బండి పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్న మనిషి మొహం చూస్తాను. అతను చెప్పబోయేదాంట్లో సగం అబద్ధమని అతను నోరు తెరవకముందే తీర్మానించేసుకుంటాను. మా ఆవిడ చేయి పట్టి లాగితే తప్ప కదలను. కూరగాయలకని బయల్దేరి వంకాయలు లేకుండా ఇంటికి వచ్చిన రోజులున్నాయి.

ఈ మధ్య సూరత్‌లో మన తెలుగువాళ్ల పిల్లలు కొందరు మెకానిక్ పనిలోకి వస్తున్నారు. తాతలు, తండ్రులు సాంచాల మీద బతికినవాళ్లు. సాంచాలంటే కరెంటు మగ్గాలే, మా వైపు పేరది. ఆ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఏ నట్టు ఎంత బిగించాలో ఫోన్లో దొరుకుతుంది, దానికి నేనక్కర్లేదు. వేడెక్కిన ఇంజిన్ దగ్గర మెకానిక్ ఎవరిని అనుమానించాలి, ఎంతవరకు అనుమానించాలి అన్నది ఫోన్లో దొరకదు. నేను కూడా ఆ సంగతి ఆలస్యంగా, ఇంకొకడి నోటి దగ్గర కూడు పడగొట్టిన తర్వాత నేర్చుకున్నాను.

సూదిని నమ్మొద్దు

పని నేర్చుకున్నది సూరత్‌లోనే వరాఛాలో, కాంతికాకా గ్యారేజీలో. కాకా గుజరాతీ మనిషి. మాట తక్కువ, తిట్టు ఎక్కువ. నేను చేరిన కొత్తలో వజ్రాల సాన పట్టించే వ్యాపారి ఒకాయన కారు తెచ్చాడు. స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే సూది ఎర్రగీత దాటుతోంది. నేను పెద్ద పోటుగాడిలా ఇంజిన్ హెడ్ విప్పడానికి పానా పట్టుకున్నాను. కాకా వచ్చి మోచేతి మీద ఒక్కటిచ్చాడు.

"సూదీ కో కిస్‌నే బోలా సచ్ బోల్‌నే కో?" అన్నాడు. సూది నిజమే చెబుతుందని నీకెవడు చెప్పాడురా అని.

రేడియేటర్ పైపు మీద చేయి పెట్టమన్నాడు. గోరువెచ్చగా ఉంది. రెండు నిమిషాల్లో అన్ని నీళ్లు మరిగిపోవడం ఎక్కడైనా ఉంటుందా? సెన్సార్‌కు వెళ్లే తీగ ఇనుముకు రాసుకుని తోలు ఊడిపోయింది. దానికి టేపు చుట్టాం, అంతే. నేను విప్పి ఉంటే ఆ కారు వారం రోజులు లేచేది కాదు.

ఆ రోజు నుంచి అనుమానం నాకు నచ్చింది. కాకా దగ్గర దానికొక వరస ఉండేది. ముందు సూది. తర్వాత నీళ్లు తగ్గాయా, మూత సరిగా పడుతోందా, ఫ్యాన్ తిరుగుతోందా, థర్మోస్టాట్ తెరుచుకుంటోందా, పంపు తోస్తోందా. ఇవన్నీ కాదని తేలాకే హెడ్ గ్యాస్కెట్. చిన్నవాటిని ముందు అనుమానించమనేవాడు, ఎందుకంటే విప్పినదాన్ని మళ్లీ అలాగే బిగించడం ఏ మొనగాడి తరమూ కాదట. ఆ మాట ఇప్పటికీ నిజమే.

బండి కుతకుతలాడుతుంటే

రోడ్డు మీద సూది పైకి పోతుంటే చేయాల్సింది కొంచెమే, కానీ ఆ కొంచెం ఎవరూ చేయరు. ఏసీ ఆపాలి. హీటర్ పూర్తిగా తిప్పాలి. మే నెల సూరత్ ఎండలో హీటర్ వేయమంటే మనిషిని పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు, కానీ ఇంజిన్ వేడిని కొంత బయటికి లాగేది అదే. ఆ తర్వాత పక్కకు తీసి ఆపెయ్యాలి. ఇంకో రెండు కిలోమీటర్లేగా అని ఈడ్చుకెళ్లినవాళ్ల హెడ్‌లు వంకరపోయి నా బల్ల మీదికి వచ్చేవి.

మూత మాత్రం తీయొద్దు. నా ఎడమ ముంజేతి మీద చర్మం ఇప్పటికీ వేరే రంగులో ఉంటుంది. అది నా తొందరకు గుర్తు. అరగంట ఆగాలి. చల్లారాక గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. వేడి ఇంజిన్లో చన్నీళ్లు గుమ్మరించేవాణ్ణి చూస్తే ఇప్పటికీ నాకు చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

చల్లారాక ట్యాంకులో నీళ్లు చూడండి. ఇంజిన్ నడుస్తుండగా అందులో బుడగలు ఆగకుండా వస్తుంటే గ్యాస్కెట్ పోయినట్టే. ఆయిల్ తెల్లగా మజ్జిగలా మారినా అంతే. రేడియేటర్ పై పైపు కాలుతూ కిందిది చల్లగా ఉంటే నీళ్లు తిరగడం లేదు, థర్మోస్టాట్ అన్నా మూసుకుపోయి ఉండాలి, లోపల అడ్డమన్నా పడి ఉండాలి. డ్రైవర్ ఏం చెబుతున్నాడో వినండి. వినండి అంటే నమ్మమని కాదు. ఎప్పుడు వేడెక్కింది, ట్రాఫిక్‌లోనా హైవే మీదా, ఏసీ ఉందా అని మూడు సార్లు మూడు రకాలుగా అడగండి. జవాబు మూడు సార్లూ ఒకటే వస్తే అప్పుడు ఆలోచించొచ్చు.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఇంత వచ్చినవాణ్ణి ఎలా బోర్లా పడ్డానో చెబుతాను.

గంజి పోసిన దామోదర్

ఉధనాలో సొంత షెడ్డు పెట్టిన కొత్తలో దామోదర్ అనే మనవాడు పాత వ్యాను తోయించుకుంటూ వచ్చాడు. కిమ్ అనే ఊళ్లో నూలుకు గంజి పట్టించే కార్ఖానాలో పనిచేసేవాడు. సాంచా మీద దారం తెగకుండా ముందుగానే గంజి పట్టిస్తారు, అతనికి తెలిసిన విద్య అదొక్కటే. రేడియేటర్ మూత తీస్తే లోపల తెల్లగా, జిగటగా, వేలికి సాగే పదార్థం. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పుల్లగా కంపు.

"ఏంది దామోదర్ గిది?" అన్నాను.

అతను కాళ్ల వైపు చూశాడు. "జర కారుతుండె సత్తన్నా. దారానికి పట్టిస్తే తెగకుంట ఆగుతది గద, గిదానికి పట్టదా అని ఒక్క మగ్గు పోసిన."

"పట్టిందా మరి?"

"నాలుగు దినాలు మంచిగనే పట్టింది," అన్నాడు, కొంచెం గర్వంగానే.

కారడం నాలుగు రోజులు ఆగింది, ఐదో రోజు బండే ఆగింది. సన్న గొట్టాల్లో గంజి ఉడికి గడ్డకట్టింది. ఈ కథ నేను ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని పంక్తుల్లో చెప్పి నవ్వించానో లెక్కలేదు. మనవాళ్లు దేన్నైనా గంజితో బాగుచేస్తారని అనేవాణ్ణి. చెప్పగా చెప్పగా అది నా తలలో ఒక రూలులా కూర్చుంది. ఒకసారి కళ్లారా చూసినది మనకు మళ్లీ మళ్లీ కనిపిస్తుందని, కొన్నిసార్లు లేనిచోట కూడా కనిపిస్తుందని అప్పుడు నాకు తెలియదు.

రాజమౌళి సేటు బండి

చాలా ఏళ్ల తర్వాతి మాట. రాజమౌళి సేటుకు ఉధనాలో నలభై ఎనిమిది సాంచాలు. ఊరంతా పాలిస్టర్ నేస్తుంటే ఆయన మాత్రం నూలే నేయించేవాడు. గంజి పని చూడటానికి కిమ్, గుడ్డ ఉతికి రంగేయించడానికి పల్సానా, ఈ రెండు ఊళ్ల మధ్యే ఆయన బండి తిరిగేది. ఏడుగురు కూర్చునే డీజిల్ బండి. దాన్ని నడిపేవాడు మల్లేశం.

మల్లేశం గురించి ఒక్క సంగతి తెలియాలి. ఇరవై ఏళ్లు సాంచాల మీద పనిచేసి, నూలు నూగు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, దమ్ము, అంటే ఉబ్బసం, పట్టుకుని బయటపడ్డవాడు. సాంచాల దగ్గరికి మళ్లీ వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ఆ స్టీరింగు పోతే అతనికి తెలిసిన పని మళ్లీ సాంచా ఒక్కటే. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఒక రోజు పల్సానా ఇంకా దూరముండగా హైవే మీద సూది సగం దాటింది. మల్లేశం వెంటనే పక్కకు తీసి ఆపేశాడు. రంగు కార్ఖానాలో తన కోసం ఎదురుచూస్తున్నారని, మెల్లగా పోనిమ్మని సేటు అరిచాడు. "ఇంజిన్ కరాబైతది సేటు, నేను తియ్య," అన్నాడట మల్లేశం. క్రేను పిలిపించి బండిని నా షెడ్డుకు తెచ్చారు. సేటు అప్పటికే మండిపడుతున్నాడు.

చల్లారాక మూత తీశాను. లోపల తెల్లగా, కొంచెం మట్టిరంగు కలిసి, వేళ్ల మధ్య జారే జిగట. ట్యాంకు అడుగునా అదే. పై పైపు లోపలా అదే.

నాకు దామోదర్ గుర్తొచ్చాడు. రోజూ కిమ్ వెళ్లే బండి. అక్కడ గంజి డ్రమ్ములకు డ్రమ్ములు. మూడు నెలల కింద ఇదే బండికి పైపు కారుతుంటే నేనే మార్చాను, ఆ కారడానికి మల్లేశమే కారణమని సేటు అప్పట్లో తిట్టాడు కూడా. మళ్లీ కారి ఉంటుంది, తిట్లకు భయపడి చెప్పకుండా మగ్గు గంజి పోసి ఉంటాడు. నా తలలో కథ రెండు నిమిషాల్లో తయారైంది. ఎంత బాగా అతికిందో, ఇంకేమీ చూడబుద్ధి కాలేదు.

మర్నాడు సేటు నన్ను కార్ఖానాకు పిలిచాడు. చాయ్ వేళ, సాంచాల మనుషులంతా బయట నిలబడి ఉన్నారు. నేను స్టీలు గ్లాసులో ఆ జిగట పట్టుకెళ్లాను. గ్లాసు చేతులు మారింది. వాళ్లు పుట్టినప్పటి నుంచి గంజి చూసినవాళ్లు. ఒకరు వేలు ముంచారు, ఒకరు వేళ్ల మధ్య రుద్దారు. అందరూ గంజే అన్నారు. మావాళ్లకు తెల్లగా, జిగటగా ఉన్నదేదైనా గంజే. ఇంకొకటి ఉంటుందని మాలో ఎవరికీ తోచదు.

"నేనేం పొయ్యలే సేటు. నా బిడ్డ మీద ఒట్టు," అన్నాడు మల్లేశం.

"మరి గదే పుట్టిందా అండ్ల?" అన్నాడు సేటు. "సత్తయ్యా, నువ్వు చెప్పు. ఇంతమందిల చెప్పు."

"గంజే సేటు," అన్నాను. "కారుడు దాయనీకి పోసిండు. నేనిట్లాంటివి చూసిన."

సేటు చేయి చాచాడు. మల్లేశం జేబులోంచి తాళాలు తీసి ఆ చేతిలో పెట్టాడు. నా వైపు చూశాడు. వెళ్లేముందు ఆ గ్లాసులోది ఒక చిన్న నీళ్ల సీసాలోకి ఒంపుకుని పట్టుకెళ్లాడు. ఎందుకో అని కూడా నేను అడగలేదు.

ఇక్కడ నా పనితనం గురించి నిజం చెప్పాలి. తర్వాత అనుమానం కొద్దీ ఆ బండి హెడ్ విప్పి, మీద ఉక్కు స్కేలు పెట్టి చూశాను. వెంట్రుకంత వంకర లేదు. గ్యాస్కెట్ చెక్కుచెదరలేదు. సూది కదలగానే బండి ఆపిన డ్రైవర్ ఇంజిన్ అది. యజమాని అరుస్తున్నా ఇంజిన్‌ను కాపాడినవాడు, కారడం దాచి గంజి పోస్తాడా? ఈ ప్రశ్న నాలో లేచింది. నేను దాన్ని పక్కకు తోసి రేడియేటర్ మార్చి బండి ఇచ్చేశాను. అనుమానించడమంటే ఎదుటివాడికి వ్యతిరేకంగా ఉన్నవి మాత్రమే ఏరుకోవడమని అనుకున్నాను.

అయోడిన్ చుక్క

పది రోజులకు మల్లేశం కూతురు స్వప్న షెడ్డుకు వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల, ఇక్కడే పుట్టి పెరిగింది, పల్సానాలో ఒక రంగుల కార్ఖానా ల్యాబ్‌లో పని. తండ్రి బయటే, గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆమె సంచిలోంచి ఆ సీసా, ఒక టిఫిన్ గిన్నె, చిన్న మందు బుడ్డి తీసి నా బల్ల మీద పెట్టింది.

"పెద్దబాపు, ఇది మా ల్యాబ్‌ల రోజూ చేసే టెస్టే. గుడ్డల గంజి పోయిందా, ఇంకా ఉందా అని చూస్తం. గంజి ఉంటే అయోడిన్ వేస్తే నల్ల నీలం అయితది. జుఓ, చూడండి."

గిన్నెలో వాళ్లింటి అన్నం గంజి ఉంది. చుక్క వేసింది. ముదురు నీలం. తర్వాత సీసాలోని జిగట కొంచెం మూతలో పోసి చుక్క వేసింది. చుక్క పసుపు రంగులోనే ఉండిపోయింది.

నేను గొంతు సవరించుకున్నాను. "అండ్ల కూలెంట్ ఉంటది బిడ్డా. నీ మందు దాంట్ల పనిచేస్తదో లేదో."

పిల్ల వాదించలేదు. ఆ జిగటలోనే రెండు చుక్కల అన్నం గంజి కలిపి, మళ్లీ అయోడిన్ వేసింది. ముదురు నీలం తిరిగింది. "పనిచేస్తది," అంది.

అప్పుడైనా ఒప్పుకోవాలి కదా. నాలో పురుగు ఊరుకోలేదు. "ఈ సీసల ఉన్నది ఆ బండిదే అని నాకేం నమ్మకం? పది దినాలాయె. మీరేం కలిపి తెచ్చిన్రో నాకేం ఎరుక?"

ఆమె మొహం ఎర్రబడింది. కానీ గొంతు పెంచలేదు. "అయితే మీ దగ్గరున్న పాత రేడియేటర్ తియ్యండి. దాంట్లది మీరే తీసి ఇయ్యండి. మీ ముంగటనే వేస్త."

రేడియేటర్ షెడ్డు వెనక గోడకు ఆనించి ఉంది. ఆమె నిలబడ్డ చోటికి ఇరవై అడుగులు ఉండదు, వెనక తలుపు తెరిచే ఉంది.

"పారేసిన," అన్నాను. "పాత ఇనుములకు పోయింది."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. బల్ల మీద పడిన చుక్కలు తన చున్నీ కొసతో తుడిచి, సామాను సర్దుకుని వెళ్లిపోయింది. గేటు దగ్గర తండ్రికి ఏం చెప్పిందో వినిపించలేదు. అతను తల ఊపి ఆమె చేతిలో సంచి అందుకున్నాడు.

ఆ అబద్ధం ఎందుకాడానని చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. మల్లేశం దోషి అని అంత నమ్మకముంటే రేడియేటర్ తెచ్చి బల్ల మీద పెట్టేవాణ్ణి. నాకు నమ్మకం లేదు. నమ్మకం లేని సంగతి నా నోటికి నాకంటే ముందే తెలిసిపోయింది.

మూడో రోజు మందుల షాపులో అయోడిన్ కొన్నాను. షెడ్డులో ఎవరూ లేనప్పుడు వెనక్కి వెళ్లి, రేడియేటర్ గొట్టంలోంచి జిగట గీకి చుక్క వేశాను. పసుపు. ఇంకోచోట గీకాను. పసుపు.

గంజి కాకపోతే ఏమిటి? కాంతికాకా వరస మొదటి నుంచీ పెట్టుకున్నాను. ఆ నీళ్లలో ఆఖరున చేయి పెట్టినవాడు ఎవడు? మూడు నెలల కింద పైపు మార్చినప్పుడు నేను. బండిలో కంపెనీ పోసిన ఎర్ర కూలెంట్ ఉంది. తగ్గినంత నేను నా దగ్గరున్న ఆకుపచ్చది పోశాను, పలచన చేయడానికి బోరు నీళ్లు కలిపాను. సూరత్ బోరు నీళ్లు ఎలాంటివో కొళాయి మీద పట్టే తెల్ల పొర చూస్తే తెలుస్తుంది. డబ్బా మీద వేరే రకంతో కలపొద్దని రాసి ఉంది. ఆ చిన్న అక్షరాలు ఎన్నడూ చదవలేదు. అన్నీ చల్లబరిచేవేగా అనుకున్నాను.

పాత డబ్బాలో ఆ రెండు కూలెంట్లూ, బోరు నీళ్లూ కలిపి సన్నని సెగ మీద రోజంతా కాచాను. మర్నాడు చల్లారాక అడుగున వేలు పెడితే తెల్లగా, జిగటగా వేళ్ల మధ్య జారింది. ఆ గ్లాసులో పట్టుకుని ఊరందరికీ చూపించినది ఇదే. నేను పోసింది నేనే పట్టుకెళ్లి, ఇంకొకడు పోశాడని చెప్పి వచ్చాను.

సాంచాలు ఆపమన్నాను

ఆ రోజే వెళ్లి చెప్పానని రాయాలని ఉంది. చెప్పలేదు. ఇరవై రోజులు నోరు మూసుకు కూర్చున్నాను. నా చేతి మీద జనానికున్న నమ్మకం పోతుందని భయం. సేటు బండ్లన్నీ నా దగ్గరికే వస్తాయి, అవి పోతాయని భయం. మల్లేశానికి ఇంకో పని దొరికే ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. కనుక్కోలేదు, కనుక్కుంటే తెలిసిపోతుంది కదా.

తెలియనే తెలిసింది. సాంచాల మనిషి ఒకతను స్కూటర్ బాగుచేయించుకోవడానికి వచ్చి మాటల్లో అన్నాడు. మల్లేశాన్ని మనవాళ్లెవరూ డ్రైవర్‌గా పెట్టుకోవడం లేదట. చివరికి రాజమౌళి సేటే దయతలిచి సాంచా మీదికి తీసుకున్నాడట, ఇక్కడైతే నా కళ్ల ముందర పడి ఉంటాడు అని. "మూతికి తువ్వాల కట్టుకుని నడిపిస్తుండు. ఎన్ని దినాలు నడిపిస్తడో, ఒకటే దగ్గు," అన్నాడు.

మర్నాడు పొద్దున పది గంటలకు కార్ఖానాకు వెళ్లాను.

సేటు గదిలోనే ఉన్నాడు. సంగతి అంతా చెప్పాను. ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు. "సరే తీయ్. నాకు చెప్పినవ్ గద, అయిపాయె. నేను మల్లేశానికి చెప్త," అన్నాడు.

"సాంచాలు ఆపించు సేటు. అందరి ముంగట చెప్పిన, అందరి ముంగటనే చెప్త."

"దిమాక్ ఉందా? నలభై ఎనిమిది సాంచాలు ఆపాల్నా నీ ఒక్క మాటకు?"

"ఆ దినం నా ఒక్క మాటకే మల్లేశాన్ని ఆపినవ్," అన్నాను.

సేటుకు కోపం వచ్చింది. కానీ లేచాడు. ఒక్కొక్కటిగా సాంచాలు ఆగాయి. ఆ చప్పుడు పోయాక చెవుల్లో ఇంకా అది మోగుతూనే ఉంది. మనుషులు ఏమైందోనని చుట్టూ చేరారు. మల్లేశం తన సాంచా పక్కనే నిలబడ్డాడు. కనురెప్పల మీద, భుజాల మీద తెల్లటి నూగు.

"మల్లేశం బండిల గంజి పొయ్యలే," అన్నాను. "అది గంజి కానే కాదు. రెండు రకాల కూలెంటు, బోరు నీళ్లు కలిసి అట్లయింది. కలిపింది నేను. తప్పు నాది. మల్లేశం బండి ఆపకపోతే ఇంజిన్ గూడ పోతుండె."

అయిపోయిందనుకున్నాను. గుండె మీద బరువు కొంచెం దిగినట్టు కూడా అనిపించింది. అప్పుడు మల్లేశం మూతికి కట్టుకున్న తువ్వాల కిందికి లాగాడు.

"ఒక్క మాట అడుగుత సత్తన్నా. నా బిడ్డ నీ షెడ్డుకొచ్చిన దినం, ఆ రేడియేటర్ ఉండెనా, లేదా?"

ఈ ప్రశ్నకు నేను తయారై రాలేదు. చేతి తప్పు ఒప్పుకోవడానికి వచ్చాను. అది తెలియక చేసినది, ఎవరికైనా జరుగుతుంది, ఒప్పుకుంటే పెద్దమనిషి అంటారు కూడా. ఆ రెండోది తెలిసి చేసినది. లేదు అనొచ్చు, ఎవరికీ సాక్ష్యం లేదు. ఆ మనిషి నా కళ్లలోకే చూస్తున్నాడు.

"ఉండె," అన్నాను.

"ఏడ?"

"షెడ్డెనక. గోడకు."

మల్లేశం తల ఊపాడు. "నా బిడ్డ ఆ దినం ఇంటికొచ్చి అన్నది, బాపూ, అది అక్కడనే ఉంది, నాకు కనిపించింది అని. పెద్దమనిషి ఎదురుంగ అబద్ధమంటే బాగుండదని ఊకున్నదంట."

అంతమందిలో నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

సేటు జేబులోంచి తాళాలు తీసి మల్లేశం వైపు చాచాడు. "జరిగిందేందో జరిగింది. బండి తియ్ రేపటి సంది."

మల్లేశం తాళాలు తీసుకోలేదు. దగ్గు తెర వచ్చింది, అది తగ్గేదాకా సాంచా పట్టుకుని ఆగాడు. "తీస్త సేటు. దమ్ము మనిషిని, తీయకుంట ఏడికి పోత? కాని రిపేరు పని వస్తే బండి సత్తన్న దగ్గరికి తీస్కపోను. ఇంక ఏడికన్న తీస్కపోత. గదానికి ఒప్పుకుంటెనే తాళాలియ్యి."

సేటు నా వైపు చూశాడు. నేను ఒప్పుకోమన్నట్టు తల ఊపాను. మల్లేశం తాళాలు తీసుకుని తువ్వాలతో భుజాల మీది నూగు దులుపుకుంటూ బయటికి నడిచాడు. వెనక సాంచాలు ఒక్కొక్కటిగా మళ్లీ మొదలయ్యాయి.

ఆ తర్వాత నేను ఎనిమిదేళ్లు షెడ్డు నడిపాను. రెండు రకాల కూలెంటు ఎన్నడూ కలపలేదు, డబ్బా మీద రాసింది చదవకుండా చుక్క పోయలేదు, ఎవరి మీదైనా వేలెత్తే ముందు ఆ బండిలో నా చేయి ఎక్కడెక్కడ పడిందో చూసుకున్నాను. మీరూ అలాగే చూసుకోండి. పల్సానా రోడ్డుకు నా షెడ్డు ముందు నుంచే వెళ్లాలి. మల్లేశం ఆ బండిలో రోజూ వెళ్లేవాడు, నేను గేటు దగ్గర నిలబడి ఉంటే నన్ను చూసేవాడు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆపలేదు.